పెద్దది చేస్తే ఫోటో పగలకుండా: జింప్‌లో రిజల్యూషన్ పోకుండా సేవ్ చేసే పద్ధతి

తాతయ్య సంవత్సరీకానికి ఒక పాత ఫోటోని పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టించాలని ఇంట్లో అనుకున్నారు. ఇంటి అరుగు మీద అందరూ కూర్చుని ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో అది. అడ్డం ఆరంగుళాలు, నిలువు నాలుగు. అంతకు ఏడాది ముందే దాన్ని 600 డీపీఐలో స్కాన్ చేశాను కదా అని ధైర్యంగా పెన్‌డ్రైవ్ పట్టుకుని స్టూడియోకి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఫైల్ తెరిచి ఒక్కసారి జూమ్ చేసి, "ఇది పన్నెండు పద్దెనిమిదికి రాదు సార్, పగిలిపోతుంది" అన్నాడు. చూస్తే వెడల్పు 660 పిక్సెళ్లే (బొమ్మని కట్టే చిన్న చుక్కలు) ఉంది.

స్కానర్ ఇచ్చింది 3600×2400. మిగతావన్నీ ఎటు పోయాయి? ఇంటికొచ్చి ఆరా తీస్తే సంగతి తేలింది. స్కాన్ చేసిన రోజునే ఆ ఫోటోని, మా వంశవృక్షం రాసుకుంటున్న ఒక డాక్యుమెంట్‌లో మూడంగుళాల వెడల్పున పెట్టాను. సేవ్ నొక్కగానే ఆ ఫోటో అంగుళానికి 220 పిక్సెళ్ల లెక్కకు కుదించుకుపోయింది. మూడంగుళాలకు 660. అది తెలియక, "డాక్యుమెంట్‌లో ఉందిగా" అని స్కాన్ ఫైల్‌ని చెరిపేశాను. స్టూడియోకి తీసుకెళ్లింది ఆ డాక్యుమెంట్ నుంచి మళ్లీ బొమ్మగా సేవ్ చేసుకున్న ఫైల్. తప్పు నాదే.

ఆ తర్వాత కాస్త ఓపిగ్గా కూర్చుని, సేవ్ అనే మాట వెనక ప్రోగ్రాములు ఏమేం చేస్తాయో నేర్చుకున్నాను. ఇక్కడ రాసేది ప్రధానంగా జింప్ అనే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రాం గురించి. అది ఉచితం, విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. పైగా సేవ్ చేసేటప్పుడు ఏం జరగబోతోందో దాచకుండా అడుగుతుంది. లెక్క అర్థమైతే ఫోటోషాప్‌లోనైనా ఇంకెక్కడైనా అదే పనికొస్తుంది.

ముందు ఒక చిన్న లెక్క

రిజల్యూషన్ అనే మాటని మనం రెండు వేరు వేరు సంగతులకు వాడేస్తాం. ఒకటి, బొమ్మలో మొత్తం ఎన్ని పిక్సెళ్లున్నాయి అనేది. ఇదే అసలు ఆస్తి. రెండోది, కాగితం మీద అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పరవాలి అనేది. మన దగ్గర అందరూ దీన్ని డీపీఐ అంటారు, పీపీఐ అనడం ఇంకా సరైనది. ఈ రెండో అంకె ఫైల్‌లో రాసిపెట్టిన చీటీ మాత్రమే. చీటీ మీద అంకె మార్చినంత మాత్రాన సంచిలో బియ్యం పెరగవు, తరగవు.

భాగహారం ఒక్కటి వస్తే చాలు. పిక్సెళ్లని అంగుళాలతో భాగించండి. నా స్కాన్ 3600 పిక్సెళ్లు, ప్రింట్ వెడల్పు 18 అంగుళాలు: అంగుళానికి 200. గోడకు తగిలించే ఫోటోకి అది బాగానే సరిపోతుంది. అదే 660ని 18తో భాగిస్తే 37 కూడా నిండుగా రాలేదు. స్టూడియో కుర్రాడు అన్నది అక్షరాలా నిజం.

చేతిలో పట్టుకుని చూసే ప్రింట్‌కి 300 ఉంటే మంచిది. అంటే నాలుగు బై ఆరు ఫోటోకి 1200×1800, ఏ4 కాగితం నిండా రావాలంటే 2480×3508. ఫ్లెక్సీలకి ఇంత అక్కర్లేదు, వాటిని దూరం నుంచి చూస్తాం. పదడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 72 వేసుకున్నా 8640 పిక్సెళ్లవుతుంది, చాలాసార్లు అందులో సగంతోనే పని నడిచిపోతుంది.

మెట్టు 1: అసలు ఫైల్‌ని పక్కన పెట్టడం

ఏ పనైనా మొదలుపెట్టే ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే పని చేయండి. అసలు దానికి పేరు చివర 'ఒరిజినల్' అని పెట్టి వేరే ఫోల్డర్‌లో వేయండి. విండోస్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో రీడ్ ఓన్లీ టిక్ పెడితే పొరపాటున దాని మీదే సేవ్ చేసే ప్రమాదం తగ్గుతుంది.

అదే ప్రాపర్టీస్‌లో డిటెయిల్స్ అనే ట్యాబ్ ఉంటుంది. అక్కడ డైమెన్షన్స్ దగ్గర ఉన్న రెండు అంకెలని ఒక కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక వీటితోనే పోల్చి చూడాలి. చాలామంది ఎంబీ చూసి "పెద్ద ఫైలే" అనుకుంటారు. ఎంబీలని నమ్మకండి, 12 మెగాపిక్సెళ్ల ఫోటో రెండు ఎంబీలే ఉండొచ్చు, అంతకంటే చిన్న ఫోటో పీఎన్‌జీలో పది ఎంబీలు తూగొచ్చు.

ఇంకొకటి, చేతిలో ఉన్నది నిజంగా అసలు ఫైలేనా? వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వచ్చినది కాదు. స్క్రీన్‌షాట్ అసలే కాదు: 4000×3000 ఫోటోని 1920×1080 తెర మీద తెరిచి స్క్రీన్‌షాట్ తీస్తే చేతికొచ్చేది తెర మీది పిక్సెళ్లే. గూగుల్ ఫోటోస్‌లో స్టోరేజ్ సేవర్ పెట్టుకున్నవాళ్లకి 16 మెగాపిక్సెళ్లు దాటిన ఫోటోలు 16కి తగ్గి ఉంటాయి. తీసిన ఫోన్ నుంచి కేబుల్‌తో తెచ్చుకున్నదాన్ని మించింది లేదు.

మెట్టు 2: తెరవడం, పని మధ్యలో సేవ్ చేయడం

ఫైల్‌ని జింప్‌లోకి లాగి వదిలితే తెరుచుకుంటుంది. కొన్ని ఫోన్ ఫోటోలకి "కలర్ ప్రొఫైల్ (రంగులని ఎలా చూపాలో చెప్పే చీటీ) ఉంచాలా, మార్చాలా" అని అడుగుతుంది. ఉంచమనే చెప్పండి. ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే ఇమేజ్ ప్రాపర్టీస్ కనిపిస్తుంది, పిక్సెళ్లు ఎన్నో, పీపీఐ ఎంతో అక్కడ ఉంటుంది. మీరు రాసుకున్న అంకెలతో కలిసిందా చూసుకోండి.

జింప్‌కి కొత్తవాళ్లు విసుక్కునే చోటు ఒకటుంది. 2012లో వచ్చిన 2.8 నుంచి, సేవ్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ అనే జింప్ సొంత ఫార్మాట్‌లోనే సేవ్ అవుతుంది. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ అనే వేరే దారిలో వెళ్లాలి. మొదట్లో నేనూ తిట్టుకున్నాను. ఇప్పుడు మాత్రం ఇదే సరైన పద్ధతి అంటాను. ఎందుకంటే ఎక్స్‌సీఎఫ్‌లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలు, ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి, పిక్సెల్ ఒక్కటి కూడా పోదు, ఎన్నిసార్లు తెరిచి మూసినా అంతే. చెట్టు ఎక్స్‌సీఎఫ్, కాయలు జేపెగ్‌లు. కాయ నుంచి కాయ కోయలేం కదా, ఎప్పుడు జేపెగ్ కావాలన్నా మళ్లీ ఎక్స్‌సీఎఫ్ దగ్గరికే వెళ్లాలి.

పాత ఫోటో మీది మచ్చలు, గీతలు తుడిచే పని ఒక్క రోజులో అవదు. నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ నాలుగు సార్లూ జేపెగ్‌గా సేవ్ చేసి, మళ్లీ అదే తెరిచి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేసి ఉంటే, ప్రతిసారీ కొంత కొంత అరిగిపోయేది. ఎందుకు అరుగుతుందో మెట్టు 4లో చెప్తాను.

మెట్టు 3: సైజు మార్చే చోట జాగ్రత్త

డీటీపీ సెంటర్లలో, ప్రెస్సుల్లో తరచుగా వినే మాట: "ఫోటో 72 డీపీఐ ఉంది, 300 చేసి పంపండి." ఫైల్ 4000×3000 అయితే దిగులు పడాల్సింది ఏమీ లేదు. జింప్‌లో ఇమేజ్ మెనూలో ప్రింట్ సైజ్ తెరిచి, ఎక్స్ రిజల్యూషన్, వై రిజల్యూషన్ రెండిట్లో 300 వేసి ఓకే అనండి. పిక్సెళ్లు అలాగే ఉంటాయి, చీటీ మీద అంకె మారుతుంది, అంతే. 300 లెక్కన ఆ ఫోటో పదమూడంగుళాల పైచిలుకు వెడల్పు, పదంగుళాల ఎత్తు ప్రింట్ అవుతుంది.

ఇదే పని ఫోటోషాప్‌లో ఇమేజ్ సైజ్ పెట్టెలో చేస్తుంటే రీశాంపుల్ అనే టిక్ తీసేసి చేయాలి. ఆ టిక్ ఉండగా 72ని 300 చేస్తే 4000 కాస్తా 16,667 పిక్సెళ్లవుతుంది. కొత్తగా వచ్చినవన్నీ పక్క పిక్సెళ్లని చూసి ఊహించి నింపినవి. ఫైల్ బరువెక్కుతుంది, వివరం ఒక్కటీ పెరగదు. ఫైల్ మాత్రం పెద్దది కావడంతో కొందరు సంతోషపడిపోతారు.

జింప్‌లో పిక్సెళ్లని నిజంగా మార్చేది స్కేల్ ఇమేజ్. దాన్ని తగ్గించడానికి మాత్రమే వాడండి, అది కూడా కాపీ మీద. తగ్గించేటప్పుడు వెడల్పుకి, ఎత్తుకి మధ్య ఉన్న గొలుసు బొమ్మ కలిసే ఉండాలి, లేకపోతే మనుషులు సన్నగానో లావుగానో తయారవుతారు. ఇంటర్‌పొలేషన్ (కొత్త పిక్సెళ్ల రంగుని లెక్కగట్టే పద్ధతి) దగ్గర క్యూబిక్ గానీ, నోహేలో, లోహేలో గానీ పెట్టుకోవచ్చు.

ఒక్క మినహాయింపు. పెళ్లి శుభలేఖల మీద ఈమధ్య ఫంక్షన్ హాల్ దారి చూపే క్యూఆర్ కోడ్ వేస్తున్నారు. దాన్ని పెద్దది చేయాల్సి వస్తే ఇంటర్‌పొలేషన్ దగ్గర 'నన్' (None) అని పెట్టి, సరిగ్గా రెండింతలో మూడింతలో నాలుగింతలో చేయండి. గడులు గడులుగానే ఉంటాయి, అంచులు మసకబారవు.

మెట్టు 4: ఎక్స్‌పోర్ట్

అసలు నష్టమంతా జరిగేది ఇక్కడే. కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని E అక్షరం నొక్కితే ఎక్స్‌పోర్ట్ యాజ్ వస్తుంది. ఫైల్ పేరు చివర మీరు రాసే మూడక్షరాలని బట్టే ఫార్మాట్ ఎంచుకుంటుంది. జేపీజీ అని రాస్తే జేపెగ్, పీఎన్‌జీ అంటే పీఎన్‌జీ, టిఫ్ అంటే టిఫ్.

జేపెగ్ ప్రమాణం 1992 నాటిది. అది బొమ్మని ఎనిమిది బై ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సన్న మార్పులని గుండు సున్నా చుట్టేసి బరువు తగ్గిస్తుంది. ఇక్కడ ఒకటి గమనించాలి. జేపెగ్‌గా సేవ్ చేస్తే పిక్సెళ్ల సంఖ్య తగ్గదు. 3600×2400 అలాగే 3600×2400గా ఉంటుంది. పోయేది పిక్సెళ్లలోని నాణ్యత. క్వాలిటీ మరీ తగ్గిస్తే ఆ ఎనిమిది పిక్సెళ్ల గళ్లే పైకి తేలి కనిపిస్తాయి, జుట్టు చివర్ల దగ్గర, అక్షరాల అంచుల చుట్టూ దోమలు మూగినట్టు మచ్చలు వస్తాయి. ఫైల్‌ని మళ్లీ తెరిచి, మార్పు చేసి, మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేస్తే ఈ కోత మళ్లీ జరుగుతుంది. చూసి మూసేస్తే ఏమీ కాదు, సేవ్ చేస్తేనే. ఫోటోని చూస్తుంటే అరిగిపోతుందని మా బాబాయి గట్టిగా నమ్మేవాడు, అది మాత్రం నిజం కాదు.

జేపెగ్ పెట్టెలో చూసుకోవాల్సినవి ఇవి:

క్వాలిటీ. ప్రింట్‌కి పంపేదైతే 92 నుంచి 95 మధ్య పెట్టండి. 100 పెట్టినా నష్టం పూర్తిగా ఆగదు, ఫైల్ మాత్రం బాగా ఉబ్బుతుంది. ఈ అంకె శాతం కాదు, ఒక్కో ప్రోగ్రాంకి దాని సొంత కొలత ఉంటుంది. జింప్‌లో 90కీ, ఇంకోచోట 90కీ పొంతన ఉండదు.

ప్రివ్యూ. "షో ప్రివ్యూ ఇన్ ఇమేజ్ విండో" అనే టిక్ పెడితే, క్వాలిటీ జరుపుతుండగానే ఫైల్ ఎన్ని కేబీలు అవుతుందో చూపిస్తుంది, బొమ్మ ఎలా మారుతుందో కూడా కనిపిస్తుంది. నేను ఈ టిక్ లేకుండా ఎక్స్‌పోర్ట్ చేయను.

సబ్‌శాంప్లింగ్. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద దాక్కుని ఉంటుంది. మన కన్ను వెలుగు తేడాని పట్టినంత బాగా రంగు తేడాని పట్టలేదు. అందుకని జేపెగ్ రంగుల రిజల్యూషన్‌ని సగానికి తగ్గించే వీలు కల్పించింది. మనుషుల ఫోటోల్లో ఇది తెలియదు. కానీ శుభలేఖలో పసుపు మీద ఎర్రటి అక్షరాలుంటే అంచులు అలికినట్టు అవుతాయి. సున్నాలు, కొమ్ములు, ఒత్తులతో నిండిన తెలుగు అక్షరాలకి ఆ మాత్రం అలుకుడు చాలు, చదవడం కష్టమవుతుంది. అక్కడ రంగుని తగ్గించని 4:4:4 ఎంచుకోండి.

ప్రోగ్రెసివ్, ఆప్టిమైజ్ అనే టిక్కులు నాణ్యతని మార్చవు, ఎలా ఉన్నా పర్వాలేదు. కలర్ ప్రొఫైల్ సేవ్ చేయమనే టిక్ మాత్రం ఉంచండి. కొన్ని ఫోన్లు మామూలుకంటే ఎక్కువ రంగులతో ఫోటో తీస్తాయి, ప్రొఫైల్ తీసేస్తే అవి వెలసినట్టు కనిపిస్తాయి.

అక్షరాలు, గీతలు, లోగోలు, స్క్రీన్‌షాట్లు ఉంటే జేపెగ్ జోలికే వెళ్లకండి, పీఎన్‌జీ చేయండి. 1996 నుంచి ఉన్న ఈ ఫార్మాట్ ఏమీ పారేయకుండానే మూట కడుతుంది. అందులో కంప్రెషన్ లెవెల్ 9 అని చూసి కంగారు పడక్కర్లేదు. మూట ఎంత గట్టిగా బిగించాలన్న అంకె అది, లోపలి సరుకుతో దానికి సంబంధం లేదు. పీపీఐ చీటీ కూడా వెళ్లాలంటే సేవ్ రిజల్యూషన్ టిక్ ఉండాలి. పీఎన్‌జీ ఆ అంకెని మీటర్లలో దాచుకుంటుంది, 300 అక్కడ 11,811 అవుతుంది. అందుకే కొన్ని ప్రోగ్రాములు తెరిచినప్పుడు 299.999 అని చూపిస్తాయి. ప్రెస్‌వాళ్లు అది చూసి ఫోన్ చేస్తే నవ్వి ఊరుకోండి.

ప్రెస్‌కి, స్టూడియోకి, దాచిపెట్టుకోవడానికి టిఫ్ కూడా మంచిదే. కంప్రెషన్ దగ్గర ఎల్‌జెడ్‌డబ్ల్యూ గానీ డిఫ్లేట్ గానీ పెట్టండి, అదే జాబితాలో ఉండే జేపెగ్‌ని మాత్రం ఎంచుకోకండి.

మెట్టు 5: పంపే ముందు సరిచూడటం

ఎక్స్‌పోర్ట్ అయిన ఫైల్‌ని మళ్లీ ప్రాపర్టీస్‌లో చూసి, మొదట రాసుకున్న అంకెలతో పోల్చండి. తర్వాత జింప్‌లో తెరిచి కీబోర్డ్ మీద 1 నొక్కితే సరిగ్గా వంద శాతం జూమ్‌కి వస్తుంది. కళ్లు, చీర అంచు, గోడ మీద క్యాలెండర్ అక్షరాలు, ఇలాంటి చోట్లు చూడండి. మొత్తం ఫోటో తెరలో పట్టేలా పెట్టుకుని చూస్తే ఏ లోపమూ కనబడదు, ప్రతి ఫోటో బాగానే ఉన్నట్టుంటుంది.

ఇంకా పట్టుదల ఉన్నవాళ్లకి: ఎక్స్‌సీఎఫ్ తెరిచి ఉంచి, ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్‌తో ఎక్స్‌పోర్ట్ చేసినదాన్ని పైన వేసి, ఆ లేయర్ మోడ్‌ని డిఫరెన్స్ చేయండి. రెండూ ఒకటే అయితే తెరంతా కటిక నలుపు. మామూలు (8 బిట్ల) ఫోటోని పీఎన్‌జీ చేస్తే అలాగే వస్తుంది. జేపెగ్‌కి నలుపులో సన్నటి బూడిద చల్లినట్టు కనిపిస్తుంది. అది కంటికి ఆనకపోతే కలర్స్ మెనూలోని లెవెల్స్‌తో వెలుగు పెంచి చూడండి.

పంపేటప్పుడు వాట్సాప్ అయితే గ్యాలరీ నుంచి కాకుండా అటాచ్‌మెంట్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి, ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. హెచ్‌డీ అని నొక్కితే చాలనుకుంటారు, అది మామూలుకంటే మేలే గానీ అసలు ఫైల్ కాదు.

వర్డ్, పవర్‌పాయింట్, పీడీఎఫ్

వర్డ్ మామూలుగా ఫోటోలని పేజీ మీద కనిపించే సైజుకి తగ్గట్టు 220 పీపీఐకి కుదించి సేవ్ చేస్తుంది. ఆఫీసు ఉత్తరాలకి అది మంచి పనే, ఫైల్ తేలిగ్గా ఉంటుంది. వద్దనుకుంటే ఫోటోలు పెట్టకముందే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ కింద "డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్" టిక్ పెట్టాలి. ఈ సెట్టింగ్ తెరిచి ఉన్న డాక్యుమెంట్‌కి మాత్రమే. పక్కనే ఉన్న జాబితాలో ఆల్ న్యూ డాక్యుమెంట్స్ ఎంచుకుంటే ఇకముందు చేసేవాటన్నిటికీ వర్తిస్తుంది.

డాక్యుమెంట్‌లోంచి ఫోటో బయటికి తీయాలంటే ఒక చిట్కా ఉంది. డాక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట. దాని కాపీకి పేరు చివర డాక్స్ తీసేసి జిప్ అని మార్చి తెరిస్తే, లోపల వర్డ్ ఫోల్డర్‌లో మీడియా అనే ఫోల్డర్ ఉంటుంది. ఫోటోలన్నీ అందులోనే, ఎలా దాచి ఉంటే అలాగే దొరుకుతాయి. సేవ్ అయినప్పుడే కుదించుకుపోయి ఉంటే మాత్రం అక్కడా చిన్నదే ఉంటుంది.

పవర్‌పాయింట్ స్లైడ్‌ని బొమ్మగా సేవ్ చేస్తే 1280×720 వస్తుంది, స్లైడ్ అంగుళాలని 96తో గుణించిన లెక్క అది. పోస్టర్‌కి చాలదు. స్లైడ్‌ని పీడీఎఫ్‌గా సేవ్ చేసి, ఆ పీడీఎఫ్‌ని జింప్‌లో తెరవండి. తెరిచేటప్పుడు రిజల్యూషన్ ఎంత అని అడుగుతుంది, 300 పెడితే 4000×2250 వస్తుంది. అక్షరాలు కత్తితో కోసినట్టు ఉంటాయి. లిబ్రాఆఫీస్ వాడేవాళ్లు పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ పెట్టెలో లాస్‌లెస్ కంప్రెషన్ ఎంచుకుని, రెడ్యూస్ ఇమేజ్ రిజల్యూషన్ టిక్ తీసేస్తే ఫోటోలు తగ్గవు.

చిన్న ఫైలే కావాలన్నప్పుడు

ఉద్యోగ దరఖాస్తుల్లో సంగతి తిరగబడుతుంది. బ్యాంకు పరీక్షల్లాంటి వాటికి ఫోటో 200×230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలని అడుగుతారు. ఎక్స్‌సీఎఫ్‌ని డూప్లికేట్ చేసి, ముందు కావలసిన ఆకారానికి క్రాప్ చేసి, తర్వాత స్కేల్ ఇమేజ్‌తో అడిగిన పిక్సెళ్లకి తెచ్చి, చివర్లో జేపెగ్ క్వాలిటీని ప్రివ్యూలో కేబీలు చూసుకుంటూ జరపండి. పెద్ద ఫోటోని క్వాలిటీ 10కి దించి 50 కేబీ చేసేవాళ్లున్నారు. మొహమంతా గళ్లు పడుతుంది, దరఖాస్తు తిరిగొస్తుంది. ఆ ఫైల్‌కి వేరే పేరు పెట్టడం మాత్రం మరిచిపోకండి. షిఫ్ట్ లేకుండా కంట్రోల్ పట్టుకుని E నొక్కితే ఇంతకుముందు ఎక్స్‌పోర్ట్ చేసిన పెద్ద ఫైల్ మీదే రాసేస్తుంది.

మా ఫోటో విషయానికొస్తే, జిప్ చిట్కాతో వెతికినా 660 పిక్సెళ్లదే దొరికింది. అదృష్టం, కాగితం ఫోటో బాబాయి దగ్గర భద్రంగా ఉంది. స్కానర్ అద్దం మెత్తటి గుడ్డతో తుడిచి, 600 డీపీఐ పెట్టి, సేవ్ ఫార్మాట్ దగ్గర జేపెగ్ అని ఉన్నదాన్ని టిఫ్‌కి మార్చి మళ్లీ స్కాన్ చేశాను. మచ్చలు తుడవడం మళ్లీ మొదటికొచ్చింది, ఇంకో నాలుగు సాయంత్రాలు.